అమరావతి వీణయు ఆఫ్రికా లైరును

వీణ యనగానే తెలుగువారి మనస్సునకు తోచు రూపము ఒక్కటే. పనసదుంగను తొలిచి చేసిన కుండ, పొడవైన దండి, దండిపై మైనమున నిలిపిన 24 మెట్లు, కొనయందు యాళిముఖము, దాని దాపున ఆనికగా ఒక బుర్ర. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధివారి కుటుంబములు తరతరములుగా తీర్చుచున్న వీణ ఇట్టిదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఖరగ్‌పూర్ చేరిన తెలుగువారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు. వారికి వీణ యనగా బొబ్బిలివీణయే. వసంతపంచమినాడు వంగదేశపు ఆచారము ననుసరించి ఈ పట్టణపు వీథులలో నిలుపు సరస్వతీ ప్రతిమల చేతులలోనిదియు దానికి దగ్గరి చుట్టమే. కావున వాగ్దేవి ఆదికాలమునుండి ఇట్టి వీణనే ధరించియున్నదని సామాన్యముగా నమ్ముదురు.

అమరావతి శిల్పములను శ్రద్ధగా చూచినవారికి ఈ నమ్మకము కొంత కదలును. క్రీ.శ. 2, 3 శతాబ్దులలో పలనాటి సున్నపురాతిపై చెక్కిన ఆ ఫలకములలో నృత్యగోష్ఠులు పెక్కు కలవు. మద్దెలలు, పిల్లనగ్రోవులు వాయించువారి నడుమ ఒక స్త్రీ ఒడిలో పడవవంటి చిన్న పెట్టె కానవచ్చును. ఆ పెట్టె ఒక కొననుండి విల్లువలె వంగిన కొమ్మ పైకి లేచును. కొమ్మనుండి పెట్టెలోనికి తీగలు ప్రక్కప్రక్కగా దిగును. దండి లేదు, మెట్లు లేవు, బుర్ర లేదు, యాళి లేదు. ఒక్కొక్క తీగ ఒక్కొక్క స్వరమునే పలుకును. ఆనాటి వీణ ఇదియే. ఈ జాతి వాద్యమును పాశ్చాత్యులు హార్పు అందురు.

ఆ రాళ్లు నేటికి మిగులుటయే ఒక విశేషము. 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా కట్టింపబూనినప్పుడు, పనివారు రాతికొరకు, ఇటుకకొరకు పాత దిబ్బను త్రవ్విరి. కొన్ని శిల్పములు కట్టడములకు పోయెను. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయెను. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటు చూచెను. 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన ఫలకములు చెన్నపట్టణమున ఏండ్లతరబడి పడియుండి, 1859లో లండనునకు ఓడ యెక్కెను. వానిని ఆంగ్లేయులు ఎలియట్ మార్బుల్స్ అనిరి. అవి చలువరాళ్లు కావు. వస్తువు ఒకటియై పేరు మరియొకటి యగుట ఈ వీణ కథలో పలుమారులు ఎదురగుచుండును.

నాగార్జునకొండయందలి ఇక్ష్వాకుల శిల్పములలోను ఈ వీణయే కలదు. 1954 మొదలు 1960 వరకు విస్తృతముగా త్రవ్వబడిన ఆ లోయ నేడు సాగరజలముల క్రింద నున్నది. శిల్పములు మాత్రము కొండమీది ప్రదర్శనశాలకు చేరెను.

రాతిపై నర్తకీమణుల సరసన నిలిచిన ఈ వీణ, తరువాతి కాలమున ఒక చక్రవర్తి ఒడిలోనికి ఎక్కెను. క్రీ.శ. 4వ శతాబ్దిలో గుప్తవంశీయుడగు సముద్రగుప్తుడు వేయించిన బంగారునాణెములలో ఒక రకమునందు, రాజు ఎత్తైన వీపుగల ఆసనముపై కూర్చుండి, మోకాళ్లపై విల్లువంటి వీణ నుంచి వాయించుచుండును. హరిషేణుడు రచించిన ప్రయాగ స్తంభశాసనము, ఆ రాజు తన గానకళచే తుంబురునారదులను సిగ్గుపడజేసెనని పొగడుచున్నది. ఆ శాసనముననే అతడు జయించి విడిచిన దక్షిణాపథ రాజుల పేర్లు కలవు. వారిలో ఒకడు పిష్టపురాధీశుడు, ఒకడు వేంగీరాజగు హస్తివర్మ. పిష్టపురమనగా నేటి పిఠాపురము. తెలుగునేలపై దండెత్తిన ఆ రాజు వాయించిన వాద్యము, అంతకు ముందే తెలుగు శిల్పులు రాతిలో నిలిపినదే. శాసనమున రాజుల పేర్లు వరుసగా చదివిన చరిత్రకారులు ఈ సంగతిని అంతగా పట్టించుకొనలేదు.

ఆ నాణెమునకు ఆంగ్లేయ పండితులు లిరిస్ట్ రకమని పేరుపెట్టిరి. లిరిస్ట్ అనగా లైరును వాయించువాడు. ఆ పేరే నేటికిని గ్రంథములందు, ప్రదర్శనశాలల చీటీలయందు నిలిచియున్నది. కాని రాజు ఒడిలోనిది లైరు కాదు. లైరు వేరొక జాతి వాద్యము. దాని పుట్టుక వేరు, అది నడచిన దారి వేరు. ఆ దారిని తెలిసికొన్నగాని మన పాత వీణకు ఏమి జరిగినదో స్పష్టపడదు.

హార్పునందు తీగలు వంగిన కొమ్మనుండి నేరుగా పెట్టెలోనికి ఏటవాలుగా దిగును. లైరునందు పెట్టెనుండి రెండు చేతులు పైకి లేచును. ఆ చేతుల కొనలను కలుపుచు ఒక అడ్డకర్ర యుండును. తీగలు అడ్డకర్రకు చుట్టబడి, పెట్టెపై కప్పిన తోలుకు సమాంతరముగా సాగి, గుర్రము మీదుగా అడుగునకు పోవును. కాడి కట్టిన ఎద్దును ఎదుటినుండి చూచినచో లైరు రూపము అర్థమగును: ముఖము పెట్టె, కొమ్ములు చేతులు, కాడి అడ్డకర్ర. హార్న్‌బోస్టెల్, కుర్ట్ సాక్స్ అను పండితులు 1914లో ప్రకటించిన వాద్యవర్గీకరణమున ఈ రెండును వేర్వేరు తెగలు.

ఎద్దు పోలిక కేవలము ఉపమానము కాదు. నేటి ఇరాకునందలి ఊర్ నగరమున లియొనార్డ్ ఉలీ 1922 మొదలు 1934 వరకు త్రవ్వకములు జరిపినప్పుడు, రాజసమాధులలో లైరులు దొరకెను. వాని పెట్టెల ముందు బంగారముతోను వెండితోను చేసిన ఎద్దుతలలు ఉండెను. అవి క్రీ.పూ. 2500 ప్రాంతపువి. కర్ర యంతయు ఏనాడో మట్టిలో కలిసిపోయినది. కర్ర కుళ్లినచోట మట్టిలో మిగిలిన బొరియలను గమనించి ఉలీ వానిలో పలుచని సున్నము పోయించెను. అది గట్టిపడిన పిదప మట్టిని తొలగింపగా నాలుగువేల ఏండ్లనాటి వాద్యపు ఆకృతి నిలిచెను. అమరావతిలో వీణలు చెక్కిన రాళ్లను కాల్చి సున్నము చేసిరి. ఊర్‌లో సున్నము పోసి వాద్యమును నిలిపిరి.

పశ్చిమాసియానుండి లైరు ఈజిప్టునకు పోయెను. బేనీ హసన్ అనుచోట ఖ్నుమ్‌హోటెప్ అను అధికారి సమాధిగోడపై, క్రీ.పూ. 1900 ప్రాంతమున వ్రాసిన చిత్రమొకటి కలదు. రంగురంగుల వస్త్రములు ధరించి, గాడిదలపై సామగ్రితో ఆసియానుండి వచ్చుచున్న జనుల గుంపులో ఒకడు లైరు వాయించుచు నడచుచున్నాడు. వలసవచ్చువాని చేతిలోనే ఆ వాద్యము ఈజిప్టు చిత్రమునకు ఎక్కుట గమనింపదగినది. తరువాత ఈజిప్టువారు దానిని తమదిగా చేసికొనిరి. అటనుండి నైలునది వెంట ఎగువకు, నూబియా దేశమునకు అది సాగినదని పండితుల సామాన్యాభిప్రాయము. నూబియాయందు కిసిర్ అని, సూడాన్‌లో తంబూరా అని నేటికిని లైరులు కలవు. ఈ తంబూరా మన తంబురా కాదు. పేరు పశ్చిమాసియానుండి ఇరుదిక్కులకు వ్యాపించినది. ఒకచోట లైరుమీద, మరియొకచోట దండివాద్యముమీద వ్రాలినది.

ఇథియోపియాయందు రెండు లైరులు ప్రసిద్ధములు. చిన్నది క్రార్; ఐదారు తీగలది; వీథిగాయకులది, ప్రేమగీతములది. పెద్దది బెగెనా, పది తీగలది, మనిషి కూర్చున్నచో తలదాటి నిలుచునంతటిది, భక్తిగీతములకు, ముఖ్యముగా ఉపవాసదినములకు మాత్రమే ఉద్దిష్టమైనది. సొలోమోను చక్రవర్తికిని షేబా రాణికిని జన్మించిన మెనెలిక్, దావీదు వాయించిన వాద్యమును యెరూషలేమునుండి తెచ్చెనని, అదియే బెగెనా యని అచటివారి విశ్వాసము. సరస్వతి చేతిలో మెట్లవీణ ఎట్టిదో దావీదు చేతిలో బెగెనా అట్టిది. భక్తునకు అది సత్యమే. చరిత్రకారునకు మాత్రము సమాధులు, గోడచిత్రములు, మాటల పుట్టుకలు కావలెను. ఐనను ఈ కథలో ఒక నిజపుకణిక కలదు. వాద్యము ఉత్తరమునుండి వచ్చినదని ఆ జనులు మరువలేదు.

ఇంకను దక్షిణమునకు పోయినచో కెన్యా దేశమున లువో జాతివారి న్యతితి కలదు. లువోలు నైలు ఎగువ ప్రాంతములనుండి శతాబ్దుల వలసలో విక్టోరియా సరస్సు తీరము చేరినవారు. ఎనిమిది తీగల న్యతితిని నేలపై ఆనించి, వాదకుడు పొట్టి పీటపై కూర్చుండి వాయించును. అతని కాలిబొటనవ్రేలికి ఇనుప కడియముండును. దానితో వాద్యపు చేతిని తట్టుచు తాళము వేయును. కాలికి గజ్జెలు మ్రోగును. తీగ, తాళము, గజ్జె, పాట అన్నియు ఒక్క మనిషియే. మన పల్లెలలో జముకులకథకు ముగ్గురు కావలెను. లువోల పొరుగువారగు గుసీలు ఒబొకానో అని, బుకుసులు లితుంగు అని, ఉగాండావారు ఎండొంగో అని లైరును పిలుతురు. ఎర్రసముద్రము దాటి అరేబియా తీరములకును ఈ వాద్యము ఆఫ్రికావారితో పోయినది.

ఇన్ని దేశములలో, ఇన్ని భాషలలో ఒక్క పేరు నిలువలేదు. కాని రెండు చేతులు, ఒక అడ్డకర్ర, తోలు కప్పిన పెట్టె, ఈ మూడును ఊర్ నగరమునుండి విక్టోరియా సరస్సువరకు నిలిచెను. మనదేశమున జరిగినది దీనికి తలక్రిందులు. ఇచట పేరు నిలిచెను, రూపు మారెను. పేరు మారని కారణముననే వస్తువు మారినదను సంగతి చాలకాలము ఎవరికిని తోచలేదు.

పాళీ గ్రంథములలో ఈ పాత వీణ అవయవములు ఒక ఉపమానమున కానవచ్చును. వీణానాదమును మొదటిసారి విన్న రాజొకడు ఆ నాదమును తెమ్మని ఆజ్ఞాపించును. వీణను తెచ్చి చూపగా, నాకు కర్ర వలదు, నాదము కావలెనని పలికి, వాద్యమును చీల్చి చెక్కలు చేయును, నాదము దొరకదు. ఆ సందర్భమున బుద్ధుడు పేర్కొన్న అంగములు ఇవి: ద్రోణి, చర్మము, దండము, ఉపవీణము, తంత్రులు, కోణము. ద్రోణి యనగా దోనె, పడవ. చర్మమనగా దానిపై కప్పిన తోలు. కోణమనగా తీగను మీటు పుల్ల. ఈ జాబితాను చేతబట్టుకొని బొబ్బిలివీణ దగ్గరకు పోయినచో తోలు దొరకదు. అమరావతి ఫలకము దగ్గరకు పోయినచో అన్నియు దొరకును. బోస్టన్ నగరపు ప్రదర్శనశాలలో పనిచేసిన ఆనంద కుమారస్వామి 1930లో ప్రకటించిన వ్యాసమున ఇట్లే శిల్పమును, గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచి, పాత వీణ హార్పేయని నిరూపించెను.

జాతకకథలలో గుత్తిలుని కథ ప్రసిద్ధము. వారాణసీ నగరపు వృద్ధ వైణికుడగు గుత్తిలుని, అతని శిష్యుడు మూసిలుడే పోటీకి పిలుచును. ఇంద్రుని సాయముతో గుత్తిలుడు సభలో ఏడు తీగలను ఒకటివెంట ఒకటి తెంచుచు పోవును. ఐనను నాదము ఆగదు. కథ అద్భుతమైనను, దాని యందలి వాద్యము వాస్తవమైనది. తీగకొక స్వరముండు వాద్యమైననే ఈ కథకు రుచి కలుగును. ఒక తీగ తెగినచో ఒక స్వరము పోయినట్లే; అన్నియు తెగినను పాట నిలుచుట వింత.

భరతుని నాట్యశాస్త్రము ఇంకను స్పష్టముగా నున్నది. ఏడు తంత్రులది చిత్రవీణ, వ్రేళ్లతో వాయింతురు. తొమ్మిది తంత్రులది విపంచి, కోణముతో వాయింతురు. శ్రుతుల సంఖ్యను నిర్ణయించుటకు భరతుడు ఒక ప్రయోగము చెప్పినాడు. సమానమైన రెండు వీణలను ఒక్క తీరుగా శ్రుతిచేసి, ఒకదానిని కదలింపక యుంచి, రెండవదాని తీగలను కొంచెము కొంచెముగా దించుచు పోవలెను. రెండవ వీణలోని ఒక్కొక్క స్వరము మొదటి వీణలోని క్రింది స్వరముతో ఎప్పుడెప్పుడు కలియునో గమనించినచో 22 శ్రుతులు లెక్కకు వచ్చును. మెట్లున్న వీణపై ఈ ప్రయోగమునకు అర్థము లేదు. స్వరమునకొక తీగ యున్ననే ఇది సాగును. మన సంగీతశాస్త్రమునకు పునాదియగు గణితము, నేడు మన సంగీతమున లేని వాద్యముపై జరిగినది.

అంతటి వాద్యము ఏల అంతరించినది? కొందరు దండయాత్రలను కారణముగా చెప్పుదురు. అది తేలిక సమాధానము. రాజ్యములు కూలినను వేణువు పోలేదు, మృదంగము పోలేదు. అసలు కారణము పాటలోనే యున్నది. హార్పు తీగ ఒక స్వరమును స్వచ్ఛముగా పలుకును. స్వరమునుండి స్వరమునకు జారలేదు, ఊగలేదు. మన పాట కాలక్రమమున గమకములచే బరువెక్కెను. తమిళదేశమున ఈ జాతి వాద్యమును యాళ్ అనిరి. అచటి శైవకథ యొకటి ఈ కష్టమును చక్కగా చూపును. 7వ శతాబ్దివాడగు జ్ఞానసంబంధుని పాటలకు తిరునీలకంఠ యాళ్‌ప్పాణర్ తన యాళ్ వాయించుచుండెడివాడు. ఆ వాద్యమువలననే పాటలకు అందమని పాణరు బంధువులు పలుకగా, ధర్మపురమున సంబంధుడు ఒక పదికమును పాడెను. దాని పోకడ యాళ్ తీగలకు అందలేదు. పాణరు దుఃఖముతో యాళును పగులగొట్టబూనగా సంబంధుడు వారించెను. ఆ పదికమునకు యాళ్‌మూరి యని పేరు. దైవమహిమ చాటుటకు పుట్టిన కథయే అయినను, గాత్రము ముందుకు పోయి వాద్యము వెనుకబడిన కాలపు జ్ఞాపకము దానిలో స్పష్టముగా వినబడుచున్నది. వచ్చిన కొలది శతాబ్దులలో శిల్పములనుండి హార్పు తొలగిపోయెను. 1947లో వెలువడిన యాళ్‌నూల్ అను గ్రంథమున విపులానందస్వామి ఆ వాద్యమును లెక్కలతో మరల నిర్మింపజూచెను. తెలుగున అట్టి యత్నము కనబడదు.

హార్పు విడిచిన చోటునకు కర్రవీణలు వచ్చినవి. వెదురుదండికి బుర్ర కట్టి, ఒకటి రెండు తీగలు సాగదీసి, తీగపై వ్రేలు జరిపి స్వరములు పలికించు వాద్యములు అవి. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు ఏకతంత్రిని, కిన్నరిని వర్ణించునాటికి పాతవీణ గ్రంథస్థమై పోయినది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వీణల పేర్లు పలు విధములుగా ఏకరువు పెట్టినాడు. 1550లో విజయనగరమున అళియ రామరాయల ప్రోత్సాహముతో రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించి, మెట్లను నిలుపు పద్ధతిని శాస్త్రబద్ధము చేసెను. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన తెలుగుకవి రఘునాథనాయకుని కాలమున 24 మెట్లవీణ స్థిరపడినదని సంప్రదాయము. మెట్టుపై తీగను ప్రక్కకు లాగినచో గమకము పుట్టును. సంబంధుని పదికము ఈ వీణపై పలుకకపోదు.

కిన్నరి మాట వచ్చినది కావున ఒక భ్రమను విచారింపవలసియున్నది. హెబ్రూ భాషలో దావీదు లైరు పేరు కిన్నోర్. క్రీ.పూ. 3వ సహస్రాబ్దినాటి ఎబ్లా నగరపు మట్టిపలకలలోనే ఆ మాట పూర్వరూపము కలదు. ఈజిప్టు భాషకును అది ప్రాకెను. తెలుగున కిన్నెర. బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కిన్నెర వాయించి శివుని మెప్పించెను. తెలంగాణమున డక్కలివారు పండ్రెండు మెట్ల కిన్నెరపై నేటికిని వీరగాథలు పాడుదురు. ఆ వాదకులలో ఒకరగు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కిన్నోర్, కిన్నెర యను రెండు మాటల పోలిక చూచి ఆఫ్రికా లైరును, తెలుగు కిన్నెరను అన్నదమ్ములుగా చెప్పుట కొందరికి ముచ్చట. కాని కిన్నెరకు చేతులు లేవు, అడ్డకర్ర లేదు. అది బుర్రలు కట్టిన దండివాద్యము. మన గ్రంథములందు ఆ వాద్యపు పేరు మధ్యయుగముననే ప్రబలమగును. పైగా మనకు కిన్నరులను గాయకదేవతలు ఏనాటినుండియో కలరు. చెవికి ఒక్కటిగా వినబడినంతమాత్రమున చుట్టరికము కుదరదు. లిరిస్ట్ అను మాట చేసిన పొరపాటు ఒకటి చాలును.

రాకపోకలు లేక లైరు ఇటు రాలేదని అనుటకు వీలులేదు. క్రీ.శ. 1వ శతాబ్దినాటి ఎరిత్రియన్ సముద్రయాన గ్రంథమున ఎర్రసముద్రపు రేవగు అదూలిస్ కలదు, కృష్ణాముఖద్వారపు మసాలియా కలదు, గంగాముఖద్వారమును కలదు. ఇథియోపియాలోని దెబ్రె దామో మఠము దగ్గర 1940లో కుషాణుల బంగారునాణెములు నూటికి పైగా దొరకెను. వస్త్రములు పోయెను, బంగారము పోయెను. వాద్యము మాత్రము సరకు వంటిది కాదు. దానిని వాయించు చేతులు, వినగోరు చెవులు కూడ ఓడ దిగవలెను. ఇచట అప్పటికే స్వరమునకొక తీగగల వీణ యుండెను. అదే పని చేయు లైరునకు మన సంగీతమున ఖాళీ లేకపోయెను. ఉగాండాలో మాత్రము రెండును ప్రక్కప్రక్కన బ్రతికినవి. ఎండొంగో లైరు, ఎన్నంగా ఎనిమిది తీగల హార్పు. అమరావతి ఫలకమును చూచిన కన్నులకు ఎన్నంగా కొత్తగా తోచదు: అదే తోలు కప్పిన పెట్టె, అదే వంగిన కొమ్మ. అచట తీగ మొదట ఉడుముతోలు చుట్టిన వలయములుంచి, నాదమునకు జుమ్మను పలుకు తెప్పింతురు. బెగెనాకు తీగక్రింద తోలుముక్కలు పెట్టుదురు. మన తంబురాకు తీగక్రింద నూలుపోగు ఉంచి జీవము తెప్పించుట అందరు ఎరిగినదే. శుద్ధనాదమొక్కటియే చాలదని అచటను ఇచటను ఒక్క తీరుగా తోచినది.

మన పాతవీణ పూర్తిగా పోలేదు. తూర్పుతీరమునుండి, అనగా ఆంధ్రతీరమునుండియో వంగతీరమునుండియో, తొలి శతాబ్దులలోనే అది బర్మాకు చేరినదని పండితులు తలంతురు. వంగతీరమున ప్రధానమైన రేవు తామ్రలిప్తి, అనగా ఖరగ్‌పూర్‌కు దాపుననున్న తమ్లుక్. 5వ శతాబ్ది ఆరంభమున చైనా యాత్రికుడు ఫాహియాన్ సింహళమునకు ఓడ యెక్కినది అచటనే. 802 ప్రాంతమున ప్యూ రాజ్యమునుండి చైనా చక్రవర్తి కొలువునకు పోయిన గాయకబృందమునందు హార్పులు ఉండెనని చైనావారు వ్రాసిరి. నేటి బర్మా సౌంగ్‌గౌక్ పదునారు తీగలది, పడవవంటి పెట్టెపై లేడితోలు బిగించినది. 1942కు పూర్వము వేలకొలది తెలుగు కూలీలు రంగూను రేవులలో మూటలు మోసిరి; బర్మావారు వారిని కోరంగీలనిరి. అమరావతి వీణ సజీవముగా మ్రోగుచున్న నగరమున వారు బ్రతుకుచున్నారని ఎవరును వారికి చెప్పియుండరు.

ఖరగ్‌పూర్ చుట్టునుగల సంతాలు పల్లెలలో బానమ్ అను వాద్యమును ఒక్క కర్రనుండి తొలిచి, బొజ్జకు తోలు కప్పి, విల్లుతో వాయింతురు. అది హార్పు కాదు. ఐనను పాళీ ఉపమానమునందలి ద్రోణియు చర్మమును ఎట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు.

అసలు హార్పు భారతదేశమున వేయేండ్లక్రిందటనే నశించినదని పండితులు చిరకాలము వ్రాయుచు వచ్చిరి. 1980 దశకమున రోడరిక్ నైట్ అను అమెరికా సంగీతజ్ఞుడు మధ్యప్రదేశమున మండ్లా ప్రాంతపు పర్ధానుల బీన్‌బాజాను పరిశీలించి ప్రకటించెను. పర్ధానులు గోండురాజుల కథలు పాడు గాయకులు. మన ఆదిలాబాదు జిల్లాలోను వారు కలరు, కాని ఇచట వారి వాద్యము విల్లుతో వాయించు కీక్రీ. మండ్లా పర్ధానులది మాత్రము వంగిన కొమ్మగల హార్పు. మండ్లాకు రైలు వేసినది బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీయే. గోందియానుండి నైన్‌పూర్ మీదుగా పోయిన నాటి సాత్పురా నారోగేజి లైనుకు అది ఒక కొమ్మగా నుండెను. పండితులు నశించినదని వ్రాయుచుండిన కాలమున ఆ వాద్యము బి.ఎన్.ఆర్. వారి పటముపై ఒక చివరి స్టేషను దరిని మ్రోగుచునే యుండెను: తోలు కప్పిన దోనె, వంగిన కొమ్మ, ఐదు తీగలు.